దేవుడి పహాణీ చూపించుండ్రి

పుప్పాలగూడ గుట్టల కింద మాకు చెలక ఉండె. మా తాత దున్నిండు, మా అయ్య దున్నిండు. జొన్న, కంది పండించిన్రు. ఇయ్యాల ఆ దిక్కు పోయి మెడ నొప్పి పెట్టేదాక చూసినా చివరి అంతస్తు కనబడదు. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. ఆ తర్వాత భూముల రేట్లు మాదిగవాడ దాకా నడిచొచ్చినయి. రేటు వెనకనే కాయితం అడిగేటోళ్లు వచ్చిన్రు.

ఓ ఆఫీసులో అయ్యను నిలబెట్టి అడిగిన్రు: "పహాణీల నీ పేరేదిరా? నీ భూమి అనేందుకు ఆధారమేంది?" అయ్య తన రెండు చేతులు చూపించిండు. వాళ్లు నవ్విన్రు. ఆధారం లేదు కనుక భూమి లేదు. అర నిమిషంలో తేలిపోయింది.

దేవుణ్ణి కూడా ఆధారం అడగాలని నాకు తట్టింది ఆ రోజే. పుస్తకాలు తర్వాత చదివిన.

మొన్న ఒక మిత్రుడు, ఉద్యమంలో నాతో లాఠీదెబ్బలు తిన్నోడే, నన్ను నిలదీసిండు. "ఆధారం లేదని దేవుడే లేడంటవా? కాయితం లేదని మీ అయ్యకు భూమే లేదన్నోళ్లకూ నీకూ తేడా ఏంది?"

గట్టి ప్రశ్న. దాన్ని దాటేస్తే మా అయ్యకు ద్రోహం చేసినట్టే.

అయ్య భూమికి కాయితం లేదు గానీ గుర్తులున్నయి. మా తాత బొంద ఉండె. ఏరిపోసిన రాళ్ల కుప్ప ఉండె. పక్క చెలకోళ్ల సాక్ష్యం ఉండె. వచ్చి చూడమన్నం. ఎవరూ రాలే. వెతక్కుండా లేదనడం అన్యాయం. ఉండవలసిన చోటల్లా వెతికి, దొరక్కపోతే లేదనడం వివేకం. చెరువులో నీళ్లున్నయంటే దిగి చూస్తం. పాదం తడవకపోతే లేవంటం.

దేవుణ్ణి మాకంటే ఎక్కువ వెతికినోళ్లెవరు? గుడి బయట నిలబడి తరతరాలు వెతికినం. అంతటా ఉంటడు, దయగలోడు అన్నరు గదా! 1985 జూలై 17న కారంచేడులో వెతికినం. 1991 ఆగస్టు 6న చుండూరులో, శవాలను గోనెసంచుల్లో కుక్కి పడేసిన కాలువలో వెతికినం. దయకు ఒక్క గుర్తు దొరకలే. ఆ చుండూరు కేసులోనే 2014లో హైకోర్టు, నేరం రుజువు కాలేదని, శిక్షపడ్డ వాళ్లందరినీ విడిచిపెట్టింది. ఎనిమిది శవాలున్నా మాకు ఆధారం చాలదు. దేవుడికి మాత్రం ఆధారమే అక్కర్లేదు! 1925లోనే ప్రీవీ కౌన్సిల్ విగ్రహాన్ని చట్టం ముందు వ్యక్తిగా గుర్తించింది. ఆ వ్యక్తి పేర భూములుంటయి, కాయితాలుంటయి. మా అయ్యకు దొరకని గుర్తింపు అది.

ఈ ప్రశ్న కొత్తది గాదు. బ్రహ్మను చేరే దారి చెప్తమన్న మూడు వేదాల పండితుల్లో ఒక్కరైనా బ్రహ్మను కండ్లతో చూసిన్రా అని బుద్ధుడు ఆనాడే అడిగిండు. బుద్ధుని మీద అంబేడ్కర్ రాసి, ఆయన పోయినంక 1957లో అచ్చయిన పుస్తకం ఆ ప్రశ్నను మళ్లీ మన చేతికిచ్చింది.

మా అవ్వ మైసమ్మకు కోడిని కోసేది. ఆమెను నేను ఆధారం అడగలే, అడగను. మైసమ్మ పేరు చెప్పి ఆమె ఎవరి చెలకా గుంజుకోలే, ఎవరినీ గడప అవతల నిలబెట్టలే. ఎక్కడా గుర్తు కనబడని దేవుడు ఏ మూలనో ఉన్నడంటే నాకు పేచీ లేదు. కానీ ఆ దేవుడి పేర కులం రాసి, నన్ను నాలుగు వర్ణాల అవతలికి నూకినోణ్ణి వదల. రుజువు చూపించాల్సింది ఆ పేరుతో లాభపడ్డోడే. నష్టపోయినోణ్ణి అడుగుడేంది?

మా చెలక ఉన్న చోట ఇప్పుడు పెద్ద గేటు, గేటు లోపల కొత్త గుడి. తాత బొంద ఎక్కడుందో చూసొస్తనని పోతే అయ్యను గేటు కాడనే ఆపి, ఎవరు, ఏం పని, గుర్తింపు కార్డేదని అడిగిన్రు. లోపల కూసున్నాయన్ను ఇప్పటిదాక ఎవరూ అడగలే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మనం అడుగుదాం.