పీడనాన్ని చెవితో కొలవగలమా?

మన పల్నాటిలో యంత్రవిద్య బడిలో పుట్టలేదు, షెడ్డులో పుట్టింది. పిడుగురాళ్ల బట్టీల సున్నం మోసే లారీలనూ, మాచర్ల, గురజాల ప్రాంతాల మిరప బస్తాలను గుంటూరు యార్డుకు చేర్చే లారీలనూ, పొలం ట్రాక్టర్లనూ నడిపిస్తున్నది ఆ షెడ్డుల ఉస్తాదుల పనితనమే. సుద్దముక్క పట్టి తెలుగు పాఠం చెప్పుకొనే నాబోటివానికి వారిని తక్కువ చేసి మాట్లాడే అర్హత లేదు. అయినప్పటికీ ఒక విషయంలో వారితోనూ, సెలవులలో వారి వద్ద పని నేర్చుకొనే మన విద్యార్థులతోనూ నాకు అభిప్రాయభేదం ఉన్నది. అది, టర్బోచార్జరు అదనంగా బిగించిన పెట్రోలు కారుకు ఇంధన పీడనం సరిచేయడం గురించి.

డీజిలు లారీకి ‘పంపు పెంచడం’ షెడ్డులో పాత అలవాటు. ఇంధనం ఎక్కువ పోస్తే లాగుడు పెరుగుతుంది. మరీ మించితే నల్లటి పొగ వచ్చి తప్పును వెంటనే బయటపెడుతుంది. టర్బో పెట్రోలు ఇంజనులో అపాయం ఇందుకు సరిగ్గా విరుద్ధమైనది. అక్కడ గాలి పెరిగి పెట్రోలు పెరగకపోవడమే ప్రమాదం. దానికి పొగ రాదు. పైగా కొంతసేపు పికప్ బాగున్నట్లే తోచవచ్చు. నాకింగ్ చప్పుడు చెవిని చేరేసరికి పిస్టన్ అంచు కరగడం మొదలై ఉండవచ్చును. కనుక చెవిని నమ్మి స్క్రూ తిప్పేవాడు, తనకు తెలిసిన విద్యనే తెలియని చోట ప్రయోగిస్తున్నాడు.

ఇంజెక్టరు ఒక సన్నని ద్వారం. దాని వెనుక పెట్రోలు పీడనం, దాని ముందు మానిఫోల్డులోని గాలి పీడనం. ఎంత పెట్రోలు చిమ్మాలో నిర్ణయించేది ఈ రెండింటి మధ్య తేడా. వెనుక 3 బార్లు ఉండగా టర్బో ముందువైపు ఒక బారు బూస్ట్ కల్పిస్తే, మిగిలిన తేడా రెండే. గాలి హెచ్చిన క్షణంలోనే పెట్రోలు తగ్గిందన్నమాట! అందుచేతనే రెగ్యులేటరుకు మానిఫోల్డు నుండి ఒక చిన్న గొట్టం కలుపుతారు. బూస్ట్ ఒక బారు పెరిగితే ఇంధన పీడనమూ ఒక బారు పెరగవలెను.

సరిచేసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ముందు లైనులోని పీడనాన్ని వదిలించి, మంటలార్పే సాధనాన్ని దగ్గర ఉంచుకొని, గేజి బిగించాలి. ఇంజను స్లోలో తిరుగుతుండగా రెగ్యులేటరు గొట్టాన్ని ఊడదీసి దాని కొనను మూయాలి. అప్పుడు స్క్రూ తిప్పి, ఆ ఇంజనుకు నిర్ణయించిన పీడనం వద్ద, చాలా కార్లలో 3 బార్ల వద్ద, లాక్ నట్టు బిగించాలి. గొట్టం తిరిగి తగిలిస్తే ముల్లు రెండున్నర దరిదాపులకు దిగుతుంది. దిగకపోతే గొట్టమో రెగ్యులేటరో చెడినట్లు. మన షెడ్డులలో పని సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. అసలు పరీక్ష ఇంకా మిగిలే ఉన్నది. బరువు మీద, పూర్తి బూస్టులో ముల్లు ఎక్కడ నిలిచినదో చూడాలి. 0.7 బారు బూస్టుకు 3.7 బార్లు రాకపోతే పంపు చాలడం లేదని గ్రహించవలెను. (ఈ పరీక్షకు పెట్రోలు గొట్టాన్ని కారులోపలికి లాగరాదు; విద్యుత్ సెన్సరు ఉన్న గేజి వాడాలి.)

పంపు చాలనప్పుడు కొందరు స్క్రూనే మరింత బిగిస్తారు. ఇది లెక్క తెలియక చేసే పని. పీడనాన్ని 3 నుండి 4 బార్లకు పెంచితే పెట్రోలు పెరిగేది నూటికి 15 వంతులే. రెట్టింపు కావాలంటే పీడనం నాలుగింతలు కావలెను. పీడనం పెరిగేకొద్దీ పంపు ఇచ్చే పెట్రోలు పరిమాణం తగ్గుతుంది కూడా. పెద్ద ఇంజెక్టర్లు, తగిన పంపు, కంప్యూటరులో దిద్దుబాటు, ఇవి లేకుండా స్క్రూ ఒక్కటే చేయగలిగింది స్వల్పం. రెంటచింతల ఎండలలో ఇంజనులోకి పోయే గాలి ఇంకా వేడెక్కి నాకింగుకు దోహదం చేస్తుంది. ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలుకు అదే గాలికి మరికొంత ఇంధనం అవసరం. శీతల దేశపు కారు కోసం ఎవరో చెప్పిన అంకెను ఇక్కడ కళ్లు మూసుకొని అనుసరించడం తగదు.

నేరుగా సిలిండరులోకి పెట్రోలు చిమ్మే నేటి కార్లకు ఈ పద్ధతి వర్తించదు. వాటిలోనూ, కామన్ రెయిల్ డీజిలు బండ్లలోనూ పీడనాన్ని కంప్యూటరే నడుపుతుంది. ఆ డీజిలు లైనులో వేయి బార్లకు మించిన పీడనం ఉండవచ్చు. లీకైన ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోగలదు. అక్కడ చేయి పెట్టకుండుటయే ఉచితం. ఇక తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తున్నదని కుర్రకారు మరువరాదు.

పైన చెప్పిన లెక్క కొత్తది కాదు. ఇంటర్మీడియట్ విద్యార్థులు కంఠస్థం చేసే బెర్నౌలీ సూత్రమే. దానిని పరీక్షలో వ్రాసినవాడు షెడ్డుకు పోడు. షెడ్డులో ఉన్నవానికి అది ఎవరూ చెప్పరు. కళాశాల కమిటీవారు భౌతికశాస్త్ర ప్రయోగశాలకు 7 బార్ల వరకు చూపే ఒక గేజి, ఒక పాత పంపు, రెగ్యులేటరు కొనిపెట్టవలెనని నా విన్నపం. పెట్రోలుకు బదులు ఆ పరీక్షలకు సరిపడే మండని ద్రవం వాడి చూపవచ్చు. ఆ పాఠం జరిగే రోజున నరసరావుపేట షెడ్డుల నుండి ఒక ఉస్తాదును పిలవాలి. ఆయనకిచ్చే గౌరవ వేతనం అతిథి ఉపన్యాసకులకు ఇచ్చేదానికి ఒక్క రూపాయి కూడా తక్కువ కారాదు.