లెక్కల్లో మార్కులు తగ్గితే ముందు లాగ్ చూడండి బాబూ!

2025 జూన్‌లో ఓ వీకెండ్‌కి రాజోలు వెళ్ళా. బస్సు చించినాడ వంతెన ఎక్కిందంటే ఇంటికొచ్చేసినట్టే, ప్రాణం లేచొస్తుంది. ఈసారి మాత్రం ఇంట్లో అడుగు పెట్టేసరికి పంచాయితీ నడుస్తోంది.

"ఏం అల్లుడూ, మా వోడి లెక్కలు చూసేవా? ఎనభైకి ఇరవయ్యేడంట!" అన్నాడు మావయ్య. ఫిజిక్స్, కెమిస్ట్రీ పర్లేదు. లెక్కలే ముంచేశాయి. మావయ్య అప్పటికే తీర్పు ఇచ్చేశాడు: విజయవాడ హాస్టల్లో లాంగ్ టర్మ్. రెండు లక్షలవుతుంది. సగం కొబ్బరి దింపుల మీద తెస్తాడు, మిగతా సగం నేను సర్దాలి. మా బావమరిది గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

ఆ నేల చూపులు నాకు బాగా తెలుసు. 2015లో అదే గోడ దగ్గర నేనున్నా. నాకు లెక్కల్లో 38 వచ్చాయి. మా నాన్న రెండేళ్ళ దింపులు ముందే అమ్మేసి నన్ను ఓ హాస్టల్లో పడేశారు. పొద్దున్న ఐదింటి నుంచి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు. మొదటి చాప్టర్ నుంచి మళ్ళీ అదే పాఠం, అదే షార్ట్‌కట్ల పుస్తకం. నా తప్పులేంటని ఏడాది మొత్తమ్మీద ఒక్కరంటే ఒక్కరూ అడగలేదు. 2016లో వచ్చినవి 44. ఆరు మార్కులకి ఒక ఏడాది, రెండేళ్ళ కాయ. మీరే లెక్కేసుకోండి.

అందుకే ఈసారి ఊరుకోలేకపోయా. "మావయ్యా, వీడి రెస్పాన్స్ షీట్ చూశారా?" అన్నా. అదేంటన్నట్టు చూశాడు.

తెలియనివాళ్ళ కోసం: మన ఎంసెట్ ఆంధ్రాలో 2018 నుంచి కంప్యూటర్ మీదే. 2021లో పేరు ఈఏపీసెట్ అయింది కానీ మా ఊళ్ళో ఇంకా ఎంసెట్టే. పరీక్ష అయ్యాక కీతో పాటు, ఏ ప్రశ్నకి ఏ ఆప్షన్ నొక్కామో ఆ షీటు కూడా వెబ్‌సైట్లో పెడతారు. మావాడు దింపుకున్నాడు, మొత్తం ఎన్నో లెక్కపెట్టుకున్నాడు, ఏడుపొచ్చి మూసేశాడు. ప్రొడక్షన్లో సర్వర్ పడిపోతే మనం లాగ్ తెరవకుండా కోడంతా మళ్ళీ రాస్తామా? రాస్తానంటే మేనేజర్ ఊరుకుంటాడా? ఇంట్లో పిల్లాడి విషయంలో మాత్రం సరిగ్గా అదే చేస్తాం.

ఇద్దరం వరండాలో కూర్చుని ఎనభై ప్రశ్నలూ విడగొట్టాం. మూడు గంటలు పట్టింది. తేలిందిది:

ఆఖర్లో టైము లేక గుడ్డిగా నొక్కినవి 29. అందులో 7 తగిలాయి. నాలుగు ఆప్షన్లు, నెగటివ్ మార్కుల్లేవు, కాబట్టి పావు వంతు తగలడం మామూలే.
నిజంగా చేసినవి 51. అందులో 20 రైటు.
పద్ధతి తెలిసీ తప్పు పోయినవి 14. మైనస్ మర్చిపోవడం, ప్రశ్నలో "కానిది" అన్న మాట చూడకపోవడం, ఇలాంటివే.
అసలు తెలియనివి 17. వాటిలో 11 ఫస్టియర్‌వి: ట్రిగనామెట్రీ, స్ట్రైట్ లైన్స్. ఫస్టియర్ పరీక్షలయ్యాక ఆ పుస్తకం మళ్ళీ ముట్టుకోలేదట.

ఇప్పుడు చెప్పండి, వీడికి "లెక్కలు రావా"? మూడు గంటల్లో 160 ప్రశ్నలంటే ఒక్కోదానికి అరవై ఏడున్నర సెకన్లు. వీడు లెక్కలకి గంటా నలభై నిమిషాలు పెట్టుకుని, చేసిన ఒక్కో ప్రశ్న మీద రెండు నిమిషాలు కూర్చున్నాడు. ఒక ఇంటిగ్రేషన్ పంతం కొద్దీ వదలకుండా ఆరేడు నిమిషాలు చేశాడంట. ఇది టైమ్‌అవుట్ ప్రాబ్లం. హాస్టల్లో పద్దెనిమిది గంటలు కూర్చోబెడితే పోయేది కాదు. రాని ప్రశ్నని నిమిషంలో వదిలేయడం నేర్పితే పోతుంది.

లాంగ్ టర్మ్ ఎవరికీ పనికిరాదని అనట్లేదు. ఐఐటీ అంచుదాకా వెళ్ళి జారినవాడికో, ఇంట్లో చదువుకునే చోటే లేనివాడికో పనికొస్తుందేమో. కానీ జబ్బేంటో చూడకుండా అందరికీ ఒకటే మందు పోసేవాణ్ణి డాక్టర్ అనం కదా! పైగా ఆ మందు చేసే చెరుపు కొత్త సంగతేం కాదు. హాస్టళ్ళలో పిల్లల ఆత్మహత్యల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదా రెడ్డి కమిటీ వేశారు. పాతికేళ్ళు కావస్తోంది, మనం ఇంకా పెట్టె సర్దుతూనే ఉన్నాం.

అసలు తప్పు మావయ్యది కాదండీ. ఆయనకి తెలిసిన దారి అదొక్కటే. తప్పు మనది. హైదరాబాద్‌లోనో, డల్లాస్‌లోనో కూర్చుని ఫోన్లో "ఫీజు నేను పంపిస్తాలే, పెద్ద కాలేజీలో వెయ్యండి" అనేసి బాధ్యత తీరిపోయిందనుకుంటాం. డబ్బు పంపడం మనకి తేలిక. పిల్లాడి పక్కన మూడు గంటలు కూర్చోవడమే కష్టం.

మావయ్య వారం రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి "ఆయ్, నీ ఇష్టం, రేపు ఏదన్నా అయితే నాది పూచీ లేదు" అన్నాడు. మావాడు ఇంట్లోనే ఉన్నాడు. ఒక తప్పుల నోటుబుక్కు పెట్టించా: ఏం తప్పు, ఎందుకు తప్పు, మళ్ళీ ఎప్పుడు చెయ్యాలి. ఫస్టియర్ పుస్తకం మళ్ళీ తెరిచాడు. ఆదివారం ఆదివారం ఒక పాత పేపరు, టైము పెట్టుకుని. సాయంత్రం ఫోన్లో ఆ నోటుబుక్కు నాకు చదివి వినిపించాలి.

పది వారాలయ్యాక ఓ పాత పేపర్లో 41 చేశాడు. పాత పేపరు అసలు పరీక్ష కాదు, నాకూ తెలుసు. రేపు రాంక్ ఎంతొస్తుందో నేను పూచీ ఇవ్వలేను. కానీ మొన్న వాడంతట వాడే ఫోన్ చేసి "బావా, ఇవాళ మైనస్ ఒక్కటీ పోలేదు" అన్నాడు. ఆ గొంతులో నేల చూపులు లేవు :)

మీ ఇంట్లోనూ అలా గోడకి ఆనుకుని నిలబడ్డవాడు ఒకడుంటాడు. ఫీజు పంపేముందు వాడి పేపరు తెరిచి చూడండి. రెండు లక్షలు తర్వాత, ముందు రెండు ఆదివారాలు ఇవ్వండి.