‘అని’ మరచిన దోషము

గడచిన వేసవి సెలవులకు ముందు తొమ్మిదవ తరగతి బాలుని తండ్రి ఒకరు మా యొద్దకు వచ్చి, కుమారునకు టి.సి. కావలెనని కోరిరి. కారణమడుగగా, “తెలుగులో చదివితే కంప్యూటరు రాదంటున్నారు మాస్టారూ. మావాడు రాసిన ప్రోగ్రాము బళ్లో అందరి ముందూ ఆగిపోయిందట” అనిరి. బాలుడు ప్రక్కనే తల వంచుకొని నిలిచియుండెను. ఈ మాట ఆయన ఒక్కరిదే కాదు. ఇంట తెలుగు, బజారున ఒడియా, యంత్రముపై ఆంగ్లము. ఈ మూడింటి నడుమ బిడ్డ నలిగిపోవునేమో అను భయము మన తలిదండ్రులలో చాలమందికి కలదు. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయజాలము. కాని ఆ ప్రోగ్రాము చెడుటకును, బాలుడు తెలుగులో చదువుటకును ఎట్టి సంబంధమును లేదని మా అభిప్రాయము. పైపెచ్చు తెలుగు వ్యాకరణము శ్రద్ధగా చదివినవానికి ఆ దోషము సులభముగా అర్థము కావలసినది.

బాలుడు వ్రాసినది పి.హెచ్.పి. అను భాషలో ఒక చిన్న ప్రోగ్రాము. వెబ్ పుటలను సిద్ధపరచుటకు వాడు ఈ భాషను గ్రీన్లాండున జన్మించిన రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత పుటల కొరకు కూర్చుకొని, 1995లో లోకమునకు వెల్లడించెను. బాలుని ప్రోగ్రాము వారము పేరు ఇచ్చిన ఆ దినపు పాఠముల వేళలను చూపును. అన్నగారి పాత కంప్యూటరులో అది చక్కగా నడచినది. బడిలోని క్రొత్త యంత్రముపై మాత్రము ‘నిర్వచింపబడని స్థిరరాశి’ అను అర్థము గల ఆంగ్లవాక్యమును, దాని ప్రక్కన ఒక పంక్తి సంఖ్యను చూపి ఆగిపోయెను.

మేము పొరుగు రాష్ట్రమున పండిత శిక్షణ పొందినపుడు కంప్యూటరు మాకు పాఠ్యాంశము కాదు. ఇప్పటికిని మాకు తెలిసినది కొద్దియే. ఐనను వాక్యములో తప్పు వెదకుట మా నిత్యకృత్యము కావున, బాలుని ప్రక్కన కూర్చుండి ఆ పంక్తిని చూచితిమి. అందు ఇట్లున్నది:

$వేళలు[సోమవారము]

బాలుడు ఈ పేళ్లను ఆంగ్లాక్షరములలో వ్రాసెను. మేము తెలుగున మార్చి చూపుచున్నాము. ఇట్లు మార్చినను ప్రోగ్రాము చెడదు. ఈ భాషలో రాశుల పేళ్లు తెలుగు లిపిలో ఉండవచ్చును. ఆజ్ఞాపదములు మాత్రము ఆంగ్లమున ఉండవలెను. ఈ సంగతి మన పిల్లలకు ఎవరును చెప్పినట్లు లేదు.

ఇక దోషమునకు వత్తము. డాలరు గుర్తుతో మొదలగునది చరరాశి; దాని విలువ మారవచ్చును. ‘వేళలు’ అనునది అట్టిదే, కాని దానిలో ఒక విలువ గాక విలువల వరుస యున్నది. అట్టి వరుసను అర్రే అందురు. గుర్తేమియు లేక ఒంటరిగా నిలిచిన పేరు స్థిరరాశి. ఒకసారి విలువ ఇచ్చిన పిదప మారదు. లింగ వచన విభక్తులచే మారని అవ్యయమువంటిదని పిల్లలకు చెప్పిన చాలును. ఈ రెండును గాక మూడవది కలదు. ఉద్ధరణ చిహ్నముల నడుమ నున్నది దేని పేరును కాదు, వట్టి మాట.

ఈ మూడవ భేదమును తెలుగువాడు పుట్టుకతోనే ఎరుగును. “రాముడు వచ్చెను” అన్నచో వచ్చినది మనుష్యుడు. “రాముడు అను మాటలో మూడక్షరములున్నవి” అన్నచో అది మనుష్యుని గూర్చినది కాదు, మాటను గూర్చినది. ఉద్ధరణ చిహ్నములు మన వ్రాతలోనికి నిన్నమొన్న వచ్చినవి. ‘అని’, ‘అను’ ఆ పనిని తరతరములుగా చేయుచున్నవి. బాలుడు వరుసలో “సోమవారము అను మాట క్రింద నున్న విలువ” కోరదలచెను; కాని ‘అను’ విడిచి వ్రాసెను. యంత్రము సోమవారమను స్థిరరాశి కొరకు వెదకి, కానక, ఆగిపోయినది. ఇట్లు చెప్పగానే బాలుడు నవ్వి, చిహ్నములు రెండును తానే పెట్టెను.

మరి పాత యంత్రముపై ఎట్లు నడచినది? పూర్వపు కూర్పులు అట్టి పేరు కానరానిచో, “వీడు మాటయే వ్రాయదలచియుండును” అని ఊహించి, చిన్న సూచన యిచ్చి ముందునకు సాగెడివి. 2017లో వెలువడిన 7.2 కూర్పు ఆ సూచనను హెచ్చరికగా పెంచెను. 2020 నవంబరులో వచ్చిన 8.0 కూర్పు క్షమించుట మానివేసెను. ఈ కాఠిన్యమును మేము మెచ్చుకొందుము. ఎవరైన వేరొకచోట అదే పేరుతో స్థిరరాశిని నిర్వచించిరా, పాత పద్ధతిలో చడిచప్పుడు లేక మరియొక విలువ వచ్చి పడును. ఉక్తలేఖనములో తప్పులు దిద్దక మార్కులు వేయు ఉపాధ్యాయుడు పిల్లవానికి మేలు చేసినవాడు కాడు.

స్థిరరాశిని నిర్వచించుటలోను ఇదే చిక్కు కలదు. డిఫైన్ అను పదముతో నిర్వచించునపుడు పేరును చిహ్నముల నడుమ వ్రాయవలెను. ఆ క్షణమునకు ఆ పేరు గలది ఇంకను పుట్టలేదు గనుక, “ఉత్తీర్ణత అని పేరు పెట్టుము, విలువ 35” అని చెప్పవలసియున్నది. కాన్స్ట్ అను పదముతో నిర్వచించునపుడు చిహ్నములు కూడవు. ఈ రెండు పద్ధతులను కలగలుపు పిల్లలను మేము పలువురిని చూచితిమి.

మా బడి గ్రంథాలయమునందలి పుస్తకమొకటి స్థిరరాశిలో వరుసను ఉంచరాదని చెప్పుచున్నది. వ్రాసిననాటికి అది సత్యమే. 2014 నాటి 5.6 కూర్పు నుండి కాన్స్ట్ తోను, 2015 చివర వచ్చిన 7.0 నుండి డిఫైన్ తోను వరుసలను స్థిరరాశులుగా ఉంచవచ్చును. వరుసను చతురస్రపు కుండలీకరణములలో క్లుప్తముగా వ్రాయుట సైతము 2012 నాటి 5.4 కూర్పుతో వచ్చినదే. కావున తప్పు కనిపించినపుడు పిల్లవానిని గద్దించుటకు ముందు, యంత్రముపై ఏ కూర్పున్నదో, పుస్తకము ఏ సంవత్సరమున అచ్చయినదో చూడవలెను. వరుసలో లెక్క సున్నతో మొదలగుననియు, వరుసనంతను ఒక్కసారి అచ్చువేయబోయిన ‘అర్రే’ అను మాట మాత్రము వచ్చుననియు చెప్పి ఈ పాఠము ముగింతుము.

కంటికి ఆనని దోషము మరియొకటి. పత్రములు వ్రాయు సాధనములు ఉద్ధరణ చిహ్నములను వంపుగా మార్చును. అచ్చటి నుండి ఎత్తి ప్రోగ్రాములో పెట్టినచో, యంత్రము ఆ వంపు చిహ్నములను పేరులోని అక్షరములుగా భావించి, మరల ‘నిర్వచింపబడని స్థిరరాశి’ అనును. చూచువానికి చిహ్నములు ఉన్నట్లే యుండును. ఈ సంగతి తెలియక మేము ఒక సాయంకాలమెల్ల పోగొట్టుకొంటిమి.

ఇక ఆంగ్లము మాట. ఈ భాషయొక్క దోషవాక్యములలో ‘పామాయిమ్ నెకుడోటాయిమ్’ అను పదము చాలకాలము కనిపించి, ఆంగ్లేయులను సైతము తికమకపెట్టెను. అది హీబ్రూ. 1998లో మూడవ కూర్పును వ్రాసిన జీవ్ సురాస్కీ, ఆండీ గుట్మన్స్ ఇజ్రాయెలు విద్యార్థులు. ప్రక్కప్రక్కన వచ్చు రెండు జంట చుక్కలకు తమ భాషలోని పేరే పెట్టిరి. ఆ పదమునందు సంస్కృతమునవలె ద్వివచనము కూడ కలదు! లోకమెల్ల ఆ పదమును వెదకి అర్థము తెలిసికొన్నది. ఆంగ్ల మాధ్యమపు బాలుడును చిహ్నములు మరచుచునే యున్నాడు. దోషవాక్యమును చదువగలడు గాని, మాటకును పేరునకును గల భేదము ఎవరైన విప్పి చెప్పువరకు వానికిని బోధపడదు. ఆ విప్పి చెప్పుట ఇంటిభాషలో జరిగినచో త్వరగా జరుగును.

ఇందుకై మా కంప్యూటరు గదిలో ఒక నోటుపుస్తకము ఉంచితిమి. తెరపై వచ్చిన దోషవాక్యమును ఉన్నదున్నట్లు ఎక్కించి, క్రింద తెలుగున అర్థమును, అందు పేర్కొనబడిన పేరును, పంక్తి సంఖ్యను, తుదకు చేసిన సవరణను పిల్లలే వ్రాయవలెను. మొదటి పుట ఆ బాలుని చేవ్రాత. మన యూరి యువకులలో ఈ పని ఉద్యోగముగా చేయువారు సెలవులకు వచ్చినపుడు ఒక గంట ఆ పుస్తకమును దిద్దిపోవలెనని కోరుచున్నాము. టి.సి. కొరకు ఆ తండ్రి ఇచ్చిన దరఖాస్తు మా సొరుగులోనే యున్నది. ఆయన మరల అడుగలేదు, వెనుకకును తీసికొనలేదు.