మెగావాట్లు సరే, కరెంటు ఎన్నింటికొస్తుంది?

మొన్న లంచ్ దగ్గర మా టీమ్‌లో ఒకడు ఫోన్ చూపించి "చూశావా గురూ, మన దేశం 5 లక్షల మెగావాట్లు దాటేసింది" అన్నాడు. నిజమే. 1947లో దేశం మొత్తం స్థాపిత సామర్థ్యం 1,362 మెగావాట్లు. 2025 సెప్టెంబరు చివరికి అది 5 లక్షలు దాటింది. గర్వపడాల్సిందే, కాదనను. కానీ 2024 మే 30న దేశం ఒకేసారి వాడుకున్న కరెంటు రెండున్నర లక్షల మెగావాట్లకి చేరితే, అదే అప్పటికి రికార్డు. మరి మిగతా సగం ఏమైనట్టు? ఈ ప్రశ్నకి మావాడు పెరుగన్నంలోకి తల దించేశాడు :)

మన భాషలో చెప్పాలంటే, ఎన్ని సర్వర్లు కొన్నాం అనేది వేరు, ట్రాఫిక్ వచ్చినప్పుడు ఎన్ని రిక్వెస్టులకి జవాబిచ్చాం అనేది వేరు. మెగావాట్లు మొదటి లెక్క. ఇంటికొచ్చే యూనిట్లు రెండో లెక్క. మధ్యలో మూడు చోట్ల గండి పడుతుంది.

ఒకటి, ఇంధనం. కేజీ బేసిన్ గ్యాసుని నమ్ముకుని మన గోదావరి జిల్లాల్లో ప్లాంట్లు కట్టారు. డీ6 గ్యాసు 2009లో మొదలై, రెండేళ్లు తిరక్కుండానే తగ్గడం మొదలెట్టింది. 2013కల్లా కరెంటు ప్లాంట్లకి రావడమే ఆగింది. సామర్లకోట దగ్గర కట్టిన ఒక ప్లాంటు యంత్రాలు కొన్ని చివరికి బంగ్లాదేశ్ వెళ్లాయి. దేశం లెక్కల్లో మాత్రం దాదాపు 25 వేల మెగావాట్ల గ్యాస్ ప్లాంట్లు ఏళ్లతరబడి అలాగే కనబడ్డాయి, చాలాభాగం ఖాళీగా.

రెండు, తీగలు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. రెండోరోజు తూర్పు, ఈశాన్యం కూడా పోయాయి. మనకేం కాలేదు. అది మన గొప్పేం కాదు, దక్షిణ గ్రిడ్ అప్పటికింకా మిగతా దేశంతో సింక్రనైజ్ కాలేదంతే. ఆ పుణ్యమే పాపం కూడా అయింది. పైన కరెంటు దొరికినా తెచ్చుకునే లైన్లు చాలక, ఆ రోజుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీలకి పవర్ హాలిడేలు. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో గానీ గ్రిడ్డులు ఒకటవలేదు.

మూడు, టైము. ఆ 5 లక్షల్లో లక్షా పాతికవేలకి పైగా సోలారే. వంద మెగావాట్ల సోలార్ ప్లాంటు ఏడాది సగటున ఇచ్చేది ఇరవై, పాతిక మెగావాట్లే, అదీ పగలు. సాయంత్రం ఏడింటికి లైట్లు, ఏసీలు అన్నీ వేస్తాం, సూర్యుడేమో డ్యూటీ దిగిపోతాడు. పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం వదిలి కరెంటు తీసే రివర్సిబుల్ టర్బైన్లు శ్రీశైలం ఎడమగట్టున, నాగార్జునసాగర్లో ఎప్పట్నుంచో ఉన్నాయి. అలాంటివీ, బ్యాటరీలూ ఎన్ని పెడుతున్నాం అన్నదే ఇక అసలు వార్త.

సోలార్ దండగ అంటున్నానని తిట్టుకోకండి. నా చిన్నప్పుడు మా ఊళ్లో త్రీ ఫేజ్ కరెంటు రెండు విడతలుగా వచ్చేది, అందులో ఒకటి అర్ధరాత్రి. నాన్న బ్యాటరీ లైటు పట్టుకుని మోటారు వెయ్యడానికి పొలానికెళ్తే, తిరిగొచ్చేదాకా అమ్మ అరుగు మీదే కూర్చునేది. చీకట్లో తడి గట్ల మీద పాములు, స్టార్టరు దగ్గర షాకులు.. ఆమె భయం ఊరికే కాదు. రైతుకి పగలే కరెంటివ్వడానికి సోలార్‌ని మించింది నాకు కనబడదు. అంటే ఏ మెగావాటు ఏ గంటకి పనికొస్తుందో చూసుకోవాలి, అంతే.

అందుకే ఈసారి ఎవరైనా "ఇన్నివేల మెగావాట్లు కలిపాం" అంటే చప్పట్లు కొట్టండి, తప్పులేదు. కొట్టాక ఒక్కటి అడగండి. లోడ్ టెస్ట్ లేకుండా ప్రొడక్షన్లోకి వెళ్లనివ్వని మనం ఆ మాత్రం అడగలేమా? ఏ ఊరికి, ఏ టైముకి, ఎన్ని గంటలు? మా నాన్న ఎప్పుడూ మెగావాట్ల గురించి అడగలేదు. ఆయన అడిగిందల్లా "ఇవాళ కరెంటు ఎన్నింటికిరా?" అనే.