గబ్బిలముల కథలలో దుష్టుడెవ్వడు?

కెనడా దేశీయుడగు కెన్నెత్ ఒప్పెల్ గారు రచించిన గబ్బిలముల కథలను మన పై తరగతుల విద్యార్థులు కొందఱు మిక్కిలి యాసక్తితో చదువుచున్నారు. వీనిలో ‘సిల్వర్‌వింగ్’ 1997లోను, ‘సన్‌వింగ్’ 1999లోను, ‘ఫైర్‌వింగ్’ 2002లోను వెలువడినవి. ఇంతటి క్రూరవృత్తాంతములు పిల్లలకు తగునా యని తల్లిదండ్రులు కొందఱు మమ్మడిగిరి. తగుననియే మా యభిప్రాయము. అయితే ఏల తగునో, ఎచ్చట జాగరూకతతో చదువవలెనో చెప్పుట మా విధి.

కథానాయకుని పేరు షేడ్. వాడు తన గుంపులోని పిల్లలలో కడు చిన్నవాడు, దుర్బలుడు. పూర్వము పక్షులకును మృగములకును ఘోరయుద్ధము జరుగగా గబ్బిలములు ఏ పక్షమునను చేరలేదనియు, ఆ యపరాధమునకై సూర్యదర్శనము వానికి నిషిద్ధమయ్యెననియు నీ కథలోని ఐతిహ్యము. షేడ్ ఒకనాడు సూర్యుని చూడగోరి తెల్లవాఱువఱకు వెలుపల నిలిచెను. అందులకు శిక్షగా గుడ్లగూబలు ఆ గుంపున కాశ్రయమైన వృక్షమును దగ్ధము చేసెను. నాయకుని సాహసమునకు మొదట మూల్యము చెల్లించినది వాని స్వజనమే. గ్రంథకర్త దీనిని దాచలేదు. తప్పెఱుగని నాయకులు గల కథలకంటె నిట్టి కథ పిల్లలకు మేలని మా నమ్మకము.

ఇక ప్రతినాయకుడు గాత్. వీడు దక్షిణారణ్యములనుండి మనుష్యులు పట్టి తెచ్చిన మహాకాయుడు. ఇతర గబ్బిలములను భక్షించువాడు. మార్గము తప్పిన షేడ్‌తోను, వాని చెలికత్తె మరీనాతోను మొదట మిత్రునివలె సంచరించును. వీడు పట్టణమున పావురములను చంపగా పక్షులు ఆ నేరమును గబ్బిలముల కన్నిటికి నంటగట్టి, రాత్రివేళ సైతము వానికి ఆకాశమార్గమును మూసివేసెను. ఒకని దోషమునకు జాతి యంతయు శిక్ష ననుభవించినది! ఈ ఘట్టమును చదువుచు మన పిల్లలు పక్షులపై కోపపడుదురు. కోపపడవలసినదే.

కాని గ్రంథకర్తయు అదే పని చేయలేదా? మొదటి రెండు గ్రంథములలోను గాత్ జాతివారు మిక్కిలి దుర్మార్గులుగనే కానవత్తురు. మాయా జాతివారి గాథలలోని గబ్బిలపు దేవత పేరిట వారు నూఱు హృదయముల బలికి సిద్ధపడుదురు. దీనిని చదివిన బాలుడు ‘వారు పుట్టుకచేతనే దుష్టులు’ అని తలంచినచో తప్పెవ్వరిది? ఈ జాతి గబ్బిలము నిజముగ నున్నది; శాస్త్రజ్ఞులు దీనిని ‘వాంపైరమ్ స్పెక్ట్రమ్’ అందురు. అమెరికా ఖండములలోని గబ్బిలములలో నిదియే పెద్దది. ఱెక్కలు చాచినచో దాదాపు ఒక మీటరు. పక్షులను, ఎలుకలను, చిన్న గబ్బిలములను తినుట సత్యమే. అయితే నెత్తురు త్రాగదు. చిన్న కుటుంబముగ తొఱ్ఱలో కాపురముండును. మగది వేటాడి తెచ్చిన మాంసమును ఆడుదానికిని పిల్లకును పెట్టును. ఇట్టి గృహస్థుని రాక్షసుడనుట యన్యాయము. పిల్లి యెలుకను పట్టినందులకు మన మెవ్వరమును దానిని పాపి యనము గదా.

గాత్‌ను దుష్టుని చేయునది వాని ఆహారము కాదు. తన పుట్టుకచేతనే తాను ప్రభువనియు, తక్కినవారు తన కొఱకే పుట్టిరనియు వాడు నమ్మెను. ఆ నమ్మికయే వాని విషము. మూడవ గ్రంథమున ఆ జాతిలోనే మర్క్ అను సజ్జనుని కల్పించి గ్రంథకర్త కొంత సరిదిద్దుకొనెను. ఇంకను ముందుగ కల్పించియుండిన బాగుండెడిది. జన్మచేత మనుజుని వెలివేయు దురాచారమును ఖండించుటకు జాషువా కవి 1941లో గబ్బిలమునే దూతగ నెంచుకొనెను. తెలుగువారికి గబ్బిలమును గూర్చిన యీ చర్చ క్రొత్తది కాదు.

గాత్‌కంటెను భయంకరులు ‘సన్‌వింగ్’లోని మనుష్యులని మాకు తోచుచున్నది. వీరు గబ్బిలములకు కప్పు క్రింద వెచ్చని యడవిని, కావలసినంత మేతను సమకూర్చి, పిమ్మట వాని దేహములకు ప్రేలుడు పదార్థములు కట్టి శత్రునగరముపైకి పంపుదురు. ఇది కేవల కల్పన యనుకొనరాదు. ఆడమ్స్ అను దంతవైద్యుడు 1942లో సూచింపగా అమెరికా సైన్యమువారు గబ్బిలములకు అగ్నిబాంబులు కట్టి ప్రయోగములు చేసిరి. 1943లో కొన్ని తప్పించుకొనుటచే న్యూ మెక్సికోలో వారి విమానాశ్రయపు కట్టడములే కాలిపోయెను. 1944లో ఆ ప్రయత్నము మానిరి. కథలోని యీ మనుష్యులు గర్జింపరు, పండ్లు కొఱుకరు. మిక్కిలి శాంతముగ తమ పని తాము చేసికొందురు. పిల్లలు వీరిని ప్రతినాయకుల పట్టికలో చేర్చుట మఱచుచున్నారు. అడిగిన పదుగురిలో తొమ్మండుగురు గాత్ పేరే చెప్పిరి.

‘ఫైర్‌వింగ్’ మృతలోకమున జరుగు కథ. అందు షేడ్ తన ప్రాణమిచ్చి కుమారుని బ్రతికించును. దానిని చిన్న తరగతులవారు రాత్రివేళ నొంటరిగ చదువుటకంటె ఇంట పెద్దల కడ చదువుట మంచిది. తక్కిన రెంటి విషయమున మాకు సంకోచము లేదు.