పిల్లికి బిచ్చము పెట్టిన చాలునా?

పరమలోభిని "పిల్లికి బిచ్చము పెట్టనివాడు" అని మన పెద్దలు గేలిచేసిరి. హోసూరు, కృష్ణగిరి తెలుగు కుటుంబములకు ఆ నింద తగదు. దిక్కులేని పిల్లులకు పెరటిలోనో, అంగడి అరుగుపైనో పెరుగన్నము పెట్టు తల్లులు మనలో ఎందరో కలరు. కాని అదే పెరటిలో పిల్లి ఈనినపుడు, కండ్లు తెరువని కూనలను గోనెసంచిలో వేసి చెరువుగట్టున విడిచివచ్చుటయు కలదు. ఒక చేత అన్నము, ఒక చేత గోనెసంచి! ఈ రెంటికి పొత్తు కుదరదని విన్నవించుటకే ఈ వ్రాత.

ఆడుపిల్లి ఐదారు నెలల ప్రాయముననే చూలు దాల్చగలదు. సుమారు తొమ్మిది వారములకు ఈనును. ఏడాదికి రెండు మూడు ఈతలు కలుగవచ్చును. కావున కేవలము అన్నము పెట్టుటవలన సంఖ్య పెరుగును. తరిమివేయుటవలన తగ్గునా? అదియు లేదు. తిండియు, చాటును ఉన్నంతకాలము ప్రక్క వీధి పిల్లులు వచ్చి ఆ చోటు నిండించును. బియ్యపు మూటలున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లులు అను సంగతి వర్తకులమైన మనకు ఒకరు చెప్పవలెనా? ఎలుకలకు పెట్టిన విషము, ఆ ఎలుకను తిన్న పిల్లిని సైతము చంపునని మాత్రము మరువరాదు.

శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ కృషిఫలముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలసెను. పెంచిన జంతువును ఆకలిపాలగునట్లు విడిచిపెట్టుట ఆ చట్టముననుసరించి నేరము. జీవకారుణ్యము పౌరుని విధి యని 1976లో రాజ్యాంగముననే చేర్చిరి.

మరి మార్గమేది? పిల్లిని బోనులో నొప్పి కలుగకుండ పట్టి, పశువైద్యునిచే సంతాన నిరోధ శస్త్రచికిత్స చేయించి, రేబిస్ టీకా వేయించి, తేరుకొనిన పిమ్మట పట్టినచోటనే విడువవలెను. చెవికొనను కొంచెము కత్తిరించి గుర్తుంచినచో మరల పట్టు శ్రమ యుండదు. పాలిచ్చు తల్లిని, కూనలు తిండికి అలవాటు పడువరకు ఆగి తీసికొనిపోవలెను. చికిత్స జరిగిన పిల్లులలో పోట్లాటలు, రాత్రివేళ అరపులు చాలవరకు తగ్గును. వీధి కుక్కల విషయమున మదరాసు బ్లూ క్రాస్ సంస్థ 1964లోనే ఇట్టి పద్ధతికి పూనుకొనెను.

"మన పిల్లల తెలుగు చదువులకే ధనము చాలదు, ఇక పిల్లులకా?" అని కొందరు సోదరులు అడుగుదురు. ధర్మసందేహమే! పాఠశాలల నిధినుండి ఒక్క రూపాయియు దీనికి తీయరాదనియే మా అభిప్రాయము. వీధికొక చిన్న హుండీ పెట్టి, ఆ వీధి పిల్లుల ఖర్చు ఆ వీధివారే భరింతురుగాక. 1824లో వెలసిన మత్తిగిరి పశుక్షేత్రమువలన పేరుగన్న సీమ మనది. మూగజీవుల పాలన మనకు క్రొత్త విద్య కాదు.

ప్రతి వీధినుండి ఇద్దరు ముందుకు వచ్చి, తమ వీధిలోని పిల్లుల లెక్క వ్రాసి మన సంఘమునకు అందజేయ ప్రార్థన. తెలుగిండ్లతోపాటు తమిళ, కన్నడ, ఉర్దూ ఇండ్లవారినిగూడ కలుపుకొనవలెను. పిల్లికి భాషాభేదము లేదు. పిల్లి కరచినను, గీరినను ఆ గాయమును సబ్బు నీటితో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెనని పిల్లలకు నేర్పుడు. తల్లిపిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునందురు. ఆ ఏడిండ్లలో గోనెసంచి కానరాకుండ చేయుట మన చేతిలోని పని.