కొల్లేటి చెరువుల్లో చేప పేగు, చేప ప్రవర్తన

ఏలూరు, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చేపల చెరువుల్లో రంధ్రాలు చేసిన సంచుల్లో తవుడు, చెక్క నింపి వేలాడదీయడం నిత్యకృత్యం. శీలావతి, బొచ్చె చేపలు సంచి చుట్టూ ఎంత త్వరగా చేరాయి, ఎంతసేపటికి అది ఖాళీ అయింది అన్నదాన్ని బట్టి రైతు చెరువు స్థితిని అంచనా వేస్తాడు. చేప ప్రవర్తనే అతనికి తొలి రోగనిర్ధారణ పరీక్ష. పేగుల్లోని సూక్ష్మజీవులు మెదడును, ప్రవర్తనను ప్రభావితం చేస్తాయన్న పరిశోధనను ఈ మేత సంచి దాకా తీసుకురావలసినది విస్తరణ శాస్త్రవేత్తలు. వారు ఆలస్యం చేస్తే ఆ పని మందుల దుకాణం చేస్తుంది.

ఈ పరిశోధనకు పునాది గట్టిదే. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన చిట్టెలుకలను కదలకుండా బంధించినప్పుడు వాటిలో ఒత్తిడి హార్మోన్లు మామూలు కంటే ఎక్కువగా పెరుగుతాయని 2004లో జపాన్‌లోని క్యూషు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చూపారు. చిన్న వయసులోనే పేగు సూక్ష్మజీవులను అందిస్తే ఆ తేడా సరిదిద్దబడింది. వయసు ముదిరాక అందిస్తే ప్రయోజనం లేకపోయింది. 2011లో ఐర్లండ్‌లోని కార్క్ పరిశోధకులు ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని తినిపించగా చిట్టెలుకల్లో ఆందోళన తగ్గింది. పేగును మెదడుతో కలిపే వేగస్ నాడిని కత్తిరించినప్పుడు ఆ మార్పు కనిపించలేదు. అయితే అదే బాక్టీరియాను ఆరోగ్యవంతులైన పురుషులకు ఇచ్చి చూడగా, 2017లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఉత్తుత్తి మాత్ర కంటే మేలేమీ జరగలేదు. ప్రచార కరపత్రాల్లో ఈ చివరి ప్రయోగానికి చోటు దొరకదు.

చేపల విషయానికొస్తే, లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ ఇచ్చిన జీబ్రాఫిష్‌లో ఆందోళన లక్షణాలు తగ్గాయని 2016లో అమెరికాలోని మిస్సోరి శాస్త్రజ్ఞులు ప్రకటించారు. జీబ్రాఫిష్ మన శీలావతికి దూరపు బంధువే. రెండింటికీ జీర్ణాశయం లేదు. మేత నేరుగా పేగులోకే పోతుంది. కనుక మేతతో వెళ్లే బాక్టీరియాకు ఆమ్లపు గండం ఉండదు. పైగా కార్ప్ జాతుల మెదడులో వేగస్ నాడికి సంబంధించిన తమ్మె ప్రత్యేకంగా ఉబ్బి ఉంటుంది. నోటిలోకి వచ్చినదాన్ని రుచి చూసి ఏరుకోవడం దాని పని. పంగాసియస్ సంగతి వేరు: దానికి ఆమ్లం స్రవించే జీర్ణాశయం ఉంది. వెన్నెముక లేని వన్నామీ రొయ్యకు వేగస్ నాడే లేదు. ఈ మూడింటికీ ఒకే పొడి, ఒకే మోతాదు, ఒకే వివరణ ఇవ్వడం శాస్త్రం కాదు, వ్యాపారం.

ఇంకొక గందరగోళం కూడా ఉంది. రైతులు బాసిల్లస్ పొడిని బెల్లంతో పులియబెట్టి చెరువులో చల్లుతున్నారు. అది ప్రధానంగా నీటిలో, అడుగు మట్టిలో పనిచేస్తుంది. దాని తరువాత చేప చురుకుగా మేతకు వస్తే, పేగు మారినందువల్లనా, నీరు బాగుపడినందువల్లనా? ముసురు పట్టిన రాత్రి గడిచాక చేప సంచి దగ్గరకు రాకపోతే ముందు అనుమానించవలసినది కరిగిన ప్రాణవాయువును. ఆ తెల్లవారుజామున ఏరేటర్ తిప్పవలసిన రైతు పేగు మందు కోసం వెతికితే, మధ్యాహ్నానికి చచ్చిన చేపలను ఏరుకోవలసి వస్తుంది. మేత తగ్గిందని తోచిన యాంటీబయాటిక్ కలపడం ఇంకా చేటు. అది రోగకారకాలతో పాటు పేగులోని మేలు చేసే బాక్టీరియానూ తుడిచిపెట్టగలదు.

కాబట్టి సిఫారసుకు ముందు స్థానిక ప్రయోగం జరగాలి. ఒక వరుస చెరువులకు సజీవ బాక్టీరియా కలిపిన మేత, మరొక వరుసకు వేడితో ఆ బాక్టీరియాను చంపి కలిపిన అదే మేత ఇవ్వవచ్చు. ఏది ఏ చెరువుకో సంచి కట్టేవారికి తెలియకూడదు. సంచి ఖాళీ అయ్యే సమయం, వల లాగిన తరువాత చేప మళ్లీ మేతకు రావడానికి పట్టే సమయం నమోదు చేయాలి. ప్రతి నమోదు పక్కన ఆ పూట ప్రాణవాయువు, అమ్మోనియా విలువలు ఉండాలి. ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక పంటకాలం ఓపిక కావాలి.

వనరులూ దూరంగా లేవు. ఉండిలో మత్స్య పరిశోధనా స్థానం, తాడేపల్లిగూడెంలో ఎన్ఐటి, దాని పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో అమ్ముడుపోని ఉల్లిలో పేగు బాక్టీరియాకు ఆహారమయ్యే ఫ్రక్టాన్లు ఉంటాయి. దానిని ఎండబెట్టి మేతలో కలిపి చూడడం ఒక స్నాతకోత్తర విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి సరిపోయే పని. ఫలితం ప్రతికూలంగా వచ్చినా ప్రచురించదగినదే.